ఈతక్క గంట

"ఇవి ఎవరివి?"

కొడుకు రెండు చేతుల్తో పట్టుకొచ్చిన బట్టల్లోంచి నీళ్ళు గచ్చు మీద టపటపా రాలుతున్నాయి. ముదురు నీలం రంగు జత. మణికట్ల దాకా చేతులు, చీలమండల దాకా కాళ్ళు, పైదీ కిందదీ నడుం దగ్గర కలిపి కుట్టేసి ఉన్నాయి. ఆదివారం కదా అని డాబా మీద మొక్కలకు నీళ్ళు పోయడానికి వెళ్తే, దండెం చివర దుప్పటి చాటున ఆరేసి కనిపించాయి.

ముందుగదిలో కుట్టుమిషను చప్పుడు ఆగింది. టైలర్ మాస్టారు తల ఎత్తలేదు. సూది కింద గుడ్డ సవరించుకుంటూ ఉండిపోయాడు.

"అమ్మ బట్టలన్నీ ఎవరెవరికో ఇచ్చేశాం కదా నాన్నా. ఇవి ఇంకా తడిగా ఎలా ఉన్నాయి?"

"తడిపితే తడిగానే ఉంటాయి."

"వేళాకోళాలొద్దు."

వంటింటి గుమ్మంలోకి కోడలు వచ్చి నిలబడింది. ఆమె జుట్టుముడి ఇంకా ఆరలేదు. చేతిలో గరిటె ఉంది గానీ, అది చేతిలో ఉన్న సంగతి ఆమెకు గుర్తున్నట్టు లేదు.

"నావి," అంది.

కొడుకు భార్య వైపు చూశాడు. కళ్ళజోళ్ళ దుకాణంలో రోజంతా మనుషుల కళ్ళలోకి చూసే మనిషి, ఇప్పుడు ఆమె కళ్ళలోకి చూడలేక జుట్టుకేసి చూశాడు.

"పొద్దున్నే ల్యాబ్‌కి వెళ్తున్నానని కదా చెప్పావు?"

"ల్యాబ్‌కీ వెళ్తున్నాను. రక్తాలు తీయడం మొదలయ్యేది ఏడున్నరకి. దానికంటే ముందు పూల్‌కి వెళ్తున్నాను."

"ఎప్పట్నించి?"

"అత్తయ్యకి ఆయాసం వచ్చి మంచం దిగలేకపోయినప్పట్నించి. ఆడవాళ్ళంతా గేటు దగ్గర నిలబడి ఎదురుచూస్తున్నారని తెలిసింది. ఎవరో ఒకరు నీళ్ళల్లో ఉండాలి కదండీ."

"నిన్ను నేను అడిగింది ఒక్కటే మాట. పెళ్ళయ్యాక ఇంక నీళ్ళల్లోకి దిగొద్దని. ఇంకేమైనా అడిగానా ఇన్నేళ్ళలో?"

"లేదు. ఆ ఒక్కమాట కోసమే ఇన్నేళ్ళూ మానేశాను."

"అమ్మ చెప్పిందా వెళ్ళమని?"

"అత్తయ్య ఒక్కనాడూ అడగలేదు. వెళ్ళొచ్చాక తెలిసింది ఆవిడకి. తల తుడుచుకోవే, జలుబు చేస్తుంది అంది. అంతే."

కొడుకు తడి బట్టల్ని కుర్చీ మీద పడేశాడు. నడుం దగ్గర కుట్టు వరస పైకి తేలింది. రెండు వరసల దారం, మధ్యలో సన్నటి పట్టీ. ఆ చేతివాటం అతనికి చిన్నప్పట్నించి తెలిసినదే.

"నువ్వు కుట్టావు," అన్నాడు తండ్రితో.

"ఈ ఊళ్ళో ఇది కుట్టేవాడు ఇంకెవడున్నాడు?" అన్నాడు మాస్టారు. ఆ మాటలో తప్పు చేసినవాడి తగ్గుదల కాదు, గర్వమే వినిపించింది. దాంతో కొడుక్కి ఇంకా మండింది.

"ఇంట్లో ఇద్దరూ కలిసి నన్ను వెర్రివాణ్ణి చేశారన్నమాట."

వంటింట్లో ఏదో మాడిన వాసన వచ్చింది. కోడలు కదల్లేదు.

తల మీద చెంబుడు నీళ్ళు పోసుకోవాలన్నా ఊపిరి బిగబట్టే మనిషి అతను. ఆ భయం ఆమెకు తెలుసు కాబట్టే చెప్పలేదు. చెప్పకపోవడమే అతనికి ఇప్పుడు ఆ భయం కన్నా ఎక్కువగా గుచ్చుకుంటోంది.

"ఇంక ఆ గొడవ ఎలాగూ తీరిపోయింది లెండి," అంది చివరికి. "పొద్దున గేటుకి బోర్డు కట్టారు. వచ్చే నెల నించి ఆడవాళ్ళ గంట ఉండదట. పొద్దుటి పూటంతా పోటీలకెళ్ళే పిల్లల శిక్షణకి ఇచ్చేశారట."

మాస్టారు మిషను మీంచి లేచాడు.

మిషను బల్ల మీద ఈతకొలను సంఘం వాళ్ళు పంపిన ఆహ్వానం ఉంది. ఈ సాయంత్రం కొలను ఒడ్డున సంస్మరణ సభ. ఆయన భార్య ఫొటో పెడతారు. ఊరంతా ఆమెను ఈతక్క అనే పిలిచేది. ఆ సభలో మాట్లాడటానికని తెల్ల చొక్కాకు ఆయనే గంజి పెట్టుకున్నాడు, ఇస్త్రీ చేసుకున్నాడు.

"మరి సెక్రటరీ మొన్న ఇంటికొచ్చి కూర్చున్నాడే! ఒక్క ముక్క అనలేదే!"

"అందుకే ఫొటో పెడుతున్నారేమో మావయ్యా."

"ఫొటో పెట్టి మనిషిని తీసేస్తారా?" ఆయన గొంతు వీధిలోకి వినిపించింది. "ఆ ఫొటో నాకొద్దు. ఆ సభా వద్దు."

"నాన్నా, నిన్ను తీసుకొస్తానని ఆయనకి నేను మాటిచ్చాను."

"మాటిచ్చినవాడివి నువ్వు వెళ్ళు."

మాస్టారు వెళ్ళి వీధి అరుగు మీద కూర్చున్నాడు. ఎదురింటి మెట్ల మీంచి ఇద్దరమ్మాయిలు పలకరించారు. వాళ్ళిద్దరికీ ఈతక్కే నేర్పింది. వాళ్ళమ్మకీ ఆమే నేర్పింది. ఆయన లోపలికొచ్చి హ్యాంగరు మీది తెల్ల చొక్కా తీశాడు.

"వస్తాను. మాట్లాడమన్నారుగా, మాట్లాడతాను."

కొడుకు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఒక్క సంగతి నాన్నా. ఏం మాట్లాడినా సరే. ఆ కాలువ సంగతి మాత్రం ఎత్తకు."

మాస్టారు బొత్తాలు పెట్టుకుంటున్నవాడల్లా ఆగాడు.

"అదెత్తకుండా మీ అమ్మ గురించి చెప్పడం ఎలారా? అక్కణ్ణించే కదా అంతా."

"బళ్ళో నన్ను మునిగినోడా అని పిలిచారు. పెళ్ళిచూపులకి వెళ్తే ఆ కథే చెప్పారు. అమ్మ గొప్పతనం ఎవరు చెప్పినా నేను ఆ నీళ్ళల్లో కొట్టుకుంటూనే ఉంటాను. ఇవాళ ఒక్కరోజు నన్ను వదిలెయ్యండి."

కొడుకు అంత మెల్లగా మాట్లాడి చాలాకాలమైంది. మాస్టారు అతని చొక్కా కాలరు మడత సరిచేశాడు.

"సరే. నా నోట రాదు."

* * *

సెక్రటరీ యాభై కుర్చీలు వేయించాడు. అవి ఎప్పుడో నిండిపోయాయి. వచ్చినవాళ్ళు ఇంకా వస్తూనే ఉన్నారు. కొలను గట్టు చుట్టూ, బట్టలు మార్చుకునే గదుల మెట్ల మీద, గ్రిల్లు బయట కూడా ఆడవాళ్ళే. ఆఫీసు బట్టల్లో ఉన్నవాళ్ళు, చంకలో పిల్లలతో ఉన్నవాళ్ళు, బస్సు కండక్టరు యూనిఫాంలోనే వచ్చేసిన ఒకామె. మగవాళ్ళు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు.

ఫొటో మీది తెర తీశారు. ఫొటోలో ఈతక్క నవ్వట్లేదు. ఎవరికో ఏదో చెప్తూ చెయ్యి ఎత్తి ఉంది. అది చూసి ముందు వరసలో ఎవరో, "కాళ్ళు, కాళ్ళు ఆడించవే!" అని ఆమె గొంతు అనుకరించారు. ఏడుపు ఆపుకుంటున్నవాళ్ళు కూడా గొల్లున నవ్వారు.

మాస్టారు మైకు ముందుకొచ్చాడు.

"నాకు ఉపన్యాసాలు రావు. కొలతలు తీసుకోవడం వచ్చు. మా ఆవిడ నా షాపులో కాజాలు కుట్టేది. చొక్కా చిరిగినా ఆ కాజాలు చెక్కుచెదిరేవి కావు. ఆమె ఈ పూల్‌లోకి మొదటిసారి దిగినప్పుడు ముప్ఫై దాటేసింది. ఇదిగో, ఈ లోతులేని వైపు, మోకాళ్ళ నీళ్ళల్లో, చిన్నపిల్లల మధ్య. అప్పటి గార్డు, అమ్మా మీ పిల్లలెక్కడున్నారు అన్నాడు. నేనే పిల్లని, నాకే నేర్పు అంది.

"ఇంటికొచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉండేవి. ముక్కులోంచి నీళ్ళు. ఎందుకే ఈ అవస్థ అంటే, అవస్థ కాదు, ఇవాళ మునగకుండా పది ఊపిర్లు తీశాను అనేది. అలా తీస్తూ తీస్తూ ఈ చివర నించి ఆ చివరకి వెళ్ళింది. వెళ్ళినరోజు ఇంటికి పరిగెత్తుకుంటూ వచ్చింది. నా భుజం మీదున్న టేపు లాక్కుని, పూల్ ఎంత పొడుగో కొలిచి చెప్పమంది. ఇంత పొడుగూ ఈదాను చూడు అంది. మా పెళ్ళప్పుడు కూడా ఆమె మొహం అంత వెలగలేదండీ, ఉన్నమాట చెప్పాలంటే."

నవ్వులు. మాస్టారు గొంతు సర్దుకున్నాడు.

"తనకొస్తే చాలనుకుంటే సరిపోయేది. చుట్టుపక్కల ఆడవాళ్ళని పిలవడం మొదలుపెట్టింది. ఎవరూ రాలేదు. భయం నీళ్ళంటే కాదు, బట్టలంటే. అందరి ముందూ ఆ ఈతబట్టలు ఎలా వేసుకుంటాం అన్నారు. అప్పుడు నాకు పని పడింది. వదులుగా లాల్చీ పైజమాలాగా ఒకటి కుట్టిచ్చాను. వేసుకుని దిగింది. దిగీ దిగగానే లాల్చీలోకి గాలి దూరి, గొడుగులా విచ్చుకుని తల మీదకి లేచింది! ఆ వేళ నేను తిన్న తిట్లు మళ్ళీ ఎప్పుడూ తినలేదు. మూడోసారికి పైదీ కిందదీ నడుం దగ్గర కలిపేశాను. పట్టీ వేశాను. నీళ్ళు పీల్చుకోని పల్చటి గుడ్డ వెతికి పట్టుకొచ్చాను. అప్పట్నించి ఇప్పటిదాకా అది కుడుతూనే ఉన్నాను. మీలో చాలామంది కొలతలు నాకు నోటికొచ్చు."

"బయటికి చెప్పకండి మాస్టారూ!" అని అరిచింది పూలకొట్టు పెద్దావిడ. అరవై దాటాక ఈత నేర్చుకున్న మనిషి. "నా నడుం కొలత చెప్పారంటే ఇక్కడే దూకేస్తాను!"

"దూకినా మీరు మునగరుగా!" అన్నాడాయన. ఈసారి మగవాళ్ళు కూడా నవ్వారు.

నవ్వు ఆగాక ఆయన సెక్రటరీ వైపు తిరిగాడు.

"పొద్దున ఆరింటికి ఈ పూల్ ఆడవాళ్ళకివ్వమని మా ఆవిడ మీ ముందు సెక్రటరీగా ఉన్నాయన గుమ్మం చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. ఒక్క గంట ఇచ్చారు. జ్వరమొచ్చినా, వానొచ్చినా, మా అబ్బాయి పెళ్ళిరోజున కూడా ఆ గంట వదల్లేదు. ఇవాళ మీరు గోడ మీద ఫొటో పెట్టారు. సంతోషం. కానీ గేటు మీద బోర్డు కూడా పెట్టారు."

గ్రిల్లు దగ్గర గుసగుసలు లేచాయి. సెక్రటరీ కుర్చీలో కదిలాడు.

"ఆవిడ ఏం చేసిందో నేను చెప్పను. మీరే చూడండి," అన్నాడు మాస్టారు. "అమ్మా, ఆవిడ దగ్గర ఈత నేర్చుకున్నవాళ్ళు చేతులెత్తండి."

గట్టు మీద, మెట్ల మీద, గ్రిల్లు బయట చేతులు లేచాయి. ఎత్తనివాళ్ళను వెతకాల్సి వచ్చింది.

"సరే. ఆ ఈతతో ఇంకొక మనిషిని నీళ్ళల్లోంచి బయటికి లాగినవాళ్ళు ఉంటే నిలబడండి."

అది ఆయన అనుకుని అడిగింది కాదు. నోటికొచ్చింది, అడిగేశాడు. ఆయనకు తెలిసి ఒకామె ఉంది, చెరువులో ఎవరి పిల్లనో కాపాడిందని ఈతక్క ఒకసారి చెప్పింది. ఆమె లేచింది.

తర్వాత కండక్టరు లేచి నిలబడింది. "వరదలప్పుడు. మా డ్రైవర్ని," అంది.

మెట్ల మీంచి చంకలో బిడ్డతో ఒకామె లేచింది. "మా మరిదిని. బావిలో."

పూలకొట్టు పెద్దావిడ మోకాళ్ళ మీద చేతులాన్చుకుని లేచింది. "నేనూ. ఎవరో తెలీదు, కాలేజీ పిల్లాడు. జుట్టు పట్టుకుని లాగాను. నన్నే తిట్టాడు వెధవ."

అక్కడొకరు, ఇక్కడొకరు లేస్తూనే ఉన్నారు.

"ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేమమ్మా?" అన్నాడు మాస్టారు.

"ఈతక్కే చెప్పొద్దంది," అంది కండక్టరు. "ఒడ్డుకు లాగాక ఒక తువ్వాలు కప్పండి, వాళ్ళ సిగ్గు వాళ్ళకుంటుంది, ఇంటికొచ్చేయండి అనేది."

కొడుకు వెనక గోడ దగ్గర ఉన్నాడు. ఆ మాట విన్నప్పుడు అతని తల కిందికి వాలింది. కోడలు అటు చూసింది.

"మాస్టారూ," అని గ్రిల్లు బయట నించి ఒక అమ్మాయి అడిగింది, "అసలు ఈతక్క ఈత ఎందుకు నేర్చుకుంది? ఎప్పుడడిగినా కాళ్ళాడించమనేది గానీ చెప్పేది కాదు."

మాస్టారు మైకు పట్టుకున్నాడు. వదిలాడు. మళ్ళీ పట్టుకున్నాడు. అందరూ ఎదురుచూస్తున్నారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఎంతసేపు తుడిచినా అది శుభ్రపడలేదు.

"నేను చెప్తాను."

కొడుకు గోడ దగ్గర నించి నడిచి వచ్చాడు. మైకు దాకా రాలేదు. మధ్యలోనే ఆగిపోయాడు.

"నాకప్పుడు ఏడేళ్ళు. కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి అమ్మా నేనూ కాలువ గట్టు మీద వెళ్తున్నాం. నా చెప్పు జారి నీళ్ళల్లో పడింది. అందుకోబోయి నేనూ పడ్డాను. అమ్మ గట్టు మీద పడుకుని చెయ్యి చాపింది. నా చేతికి అందలేదు. నీళ్ళల్లోంచి పైకి లేచినప్పుడల్లా అమ్మ అరవడం కనిపించేది. వినిపించేది కాదు. ఎవరో సైకిలాయన దూకి లాగాడు. ఆయనెవరో మాకు ఇప్పటికీ తెలీదు.

"తర్వాత చాలా రోజులు అమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు. ఒకరోజు నాకు అన్నం పెడుతూ, ఇంకెప్పుడూ గట్టు మీద నిలబడి అరవనురా అంది. మర్నాడు ఇక్కడికొచ్చింది."

అతను ఆగాడు. నిలబడి ఉన్న ఆడవాళ్ళను ఒక్కొక్కరినీ చూశాడు.

"ఈ కథ ఎవరైనా చెప్తే నాకు సిగ్గేసేది. నేను మునిగిన కథ అనుకున్నాను. మీరంతా ఇలా లేచి నిలబడతారని నాకు తెలీదు."

చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తోచలేదు. మాస్టారు కొడుకు దగ్గరకెళ్ళి భుజం మీద చెయ్యి వేశాడు.

సెక్రటరీ లేచాడు. చెడ్డ మనిషి కాడు. ఇరుక్కుపోయిన మనిషి.

"మాస్టారూ, ఆ గంట తీసేయాలని నాకు సరదా కాదు. నీళ్ళల్లో నేర్పే మనిషి పరీక్ష ప్యాసై ఉండాలి. ఈతక్క ప్యాసయ్యారు. ఆవిడ తర్వాత ఎవరున్నారు చెప్పండి? రేపు ఏదైనా జరిగితే అందరూ నన్నే అంటారు."

"నేను ఇస్తాను పరీక్ష," అంది కోడలు.

అందరూ ఆమె వైపు తిరిగారు. కొడుకు మాత్రం తిరగలేదు. ఆమె ఆ మాట అంటుందని అతనికి ముందే తెలిసినట్టుంది.

"పరీక్ష పెట్టేవారు రేపు పొద్దున్నే వస్తున్నారమ్మా. మళ్ళీ ఏడాది దాకా రారు," అన్నాడు సెక్రటరీ. "ప్యాసైతే ఆ బోర్డు నేనే తీయిస్తాను. కానీ ఈదితే సరిపోదు. లోతువైపు నించి ఒక మనిషిని గట్టుకు తేవాలి. ఆ మనిషిని మీరే తెచ్చుకోవాలి."

"నేనొస్తాను," అంది పూలకొట్టు పెద్దావిడ.

"మీరు పనికిరారండీ. ఈత వచ్చినవాళ్ళని ఆయన ఒప్పుకోరు. తెలీకుండానే కాళ్ళాడించేస్తారు, బరువు తెలియదంటారు. ఈత బొత్తిగా రాని మనిషి కావాలి. చుట్టూ గార్డులుంటారు లెండి, భయం లేదు."

ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అంతమందిలో ఈత రానివాళ్ళు ఒక్కరూ లేరు. చెయ్యెత్తని ఒకరిద్దరూ పసిపిల్లలు. గోడ దగ్గర మగవాళ్ళు చెప్పులకేసి చూసుకోవడం మొదలుపెట్టారు.

"మాస్టారూ, మీరు?"

"నాకెందుకు రాదు? కట్టుకున్నవాడిని నన్నొదుల్తుందా?" అన్నాడు మాస్టారు. ఆ పరిస్థితిలోనూ కొంచెం ఛాతీ విరుచుకున్నాడు.

"నాకు రాదు," అన్నాడు కొడుకు.

కోడలు చటుక్కున అతని చెయ్యి పట్టుకుంది. "వద్దండీ. ఇంకెవరినైనా వెతుకుదాం. మీ వల్ల కాదు."

"మధ్యలో వదిలేస్తావా నన్ను?"

"వదలను."

"మరింకేం?"

"మీరు భయపడి నా మెడ పట్టుకుంటే ఇద్దరం మునుగుతాం. నేర్చుకునేవాళ్ళకి అత్తయ్య మొట్టమొదట చెప్పేది అదే."

"పట్టుకోకుండా ఎలా ఉండాలో రేపటిలోగా చెప్పు."

సెక్రటరీ ఇద్దరినీ మార్చి మార్చి చూసి మాస్టారు వైపు తిరిగాడు. "ఏమంటారు మాస్టారూ? మీ అబ్బాయి విషయం. మీరు సరేనంటేనే పేర్లు ఇస్తాను."

మాస్టారు సరే అందామని నోరు తెరిచాడు. ఆ చిన్న మాట బయటికి రాలేదు.

గట్టు చుట్టూ ఆడవాళ్ళందరూ ఆయన వైపే చూస్తున్నారు. కొడుకు చూడటం లేదు. అతను అప్పటికే భార్య చెయ్యి విడిపించుకుని, చెప్పులు విప్పేసి, లోతువైపు గట్టు చివర నిలబడ్డాడు. నిచ్చెన కమ్మీ గట్టిగా పట్టుకుని, ముందుకు వంగి నీళ్ళ అడుగు కనిపిస్తుందేమోనని చూస్తున్నాడు.